దొరను ఏకవచనంలో పిలిచిన పాట: నల్లగొండ ఉద్యమగీతాలలో సంబోధన

1946–51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో నేటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు ముఖ్య క్షేత్రాలు. ఆ కాలపు పాటలను వాటిలోని నినాదాల కోసం మాత్రమే చదవడం మన సాహిత్య చరిత్రలకు అలవాటైంది. పాట ఎవరిని, ఏ వచనంలో పిలిచిందన్న ప్రశ్న అంతగా చర్చకు రాలేదు.

నల్లగొండ జిల్లాకు చెందిన బండి యాదగిరి ‘బండెనక బండి గట్టి’ పాటలో నైజాం సర్కారును ‘వాడు’గా సంబోధించాడు. ‘దొరా, నీ బాంచెను’ అనడం తప్ప వేరు మర్యాద తెలియనివ్వని సమాజమది. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశారు. దేశ్‌ముఖులకూ అధికారులకూ రైతులు వెట్టిగా బండ్లు కట్టవలసి వచ్చేది. కనుక పాటలోని బండ్ల వరుస కేవలం వర్ణన కాదని నా అభిప్రాయం. వెట్టిబండి తోలినవాడే దానిని లెక్కపెడుతూ యజమానిని నిలదీస్తున్నాడు. బహువచనం పోయిన చోటే భయం పోయింది.

సుద్దాల హనుమంతు మార్గం వేరు. గొల్లసుద్దుల హాస్యాన్ని ప్రచారానికి మలచిన ఆయన, ‘పల్లెటూరి పిల్లగాడా’లో ఎవరూ పలకరించని జీతగాడైన పసివాడిని పలకరించారు. ఒక పాటలో ఏకవచనం ధిక్కారం, మరొకదానిలో వాత్సల్యం.

ఈ రెండు పాటలూ గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1980) ద్వారా మళ్లీ జనంలోకి వచ్చాయి. యాదగిరి పాటను గద్దర్ తెరపై స్వయంగా పాడారు. అప్పటికి నైజాం లేదు. సాగర్ ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడలు వరి పొలాల, రైసు మిల్లుల ఊళ్లుగా మారుతున్నాయి. వెట్టిబండి చూడని తరానికీ ఆ పిలుపు అర్థమైంది. ప్రత్యేక రాష్ట్రోద్యమ సభలలో అదే పాట మరో ప్రభుత్వాన్ని నిలదీసింది.

అల్జీరియా ‘రాయ్’ సంగీతంతో పోలిస్తే ఈ ప్రయాణపు చిక్కు స్పష్టమవుతుంది. రాయ్ అంటే అభిప్రాయం. అక్కడ గాయకుడు ‘నేను’ అంటాడు. ప్రేమ, మద్యం, ఊరు విడిచిపోవాలన్న ఆరాటం అతని విషయాలు. షేఖా రిమిట్టీ వంటి స్త్రీలు ఆ గొంతును ముందే తెరిచారు. 1980ల మధ్య వరకు ప్రభుత్వ ప్రసారాలు దానిని దూరం పెట్టాయి. 1994లో షెబ్ హస్నీ ఒరాన్‌లో హత్యకు గురయ్యాడు. 2022లో అదే దేశం ప్రతిపాదించగా రాయ్ యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

‘నేను’ అన్న పాటను వారసత్వంగా భద్రపరచడం సులువేమో. ‘ఒరే’ అన్న పాట సంగతి అలా కాదు. దానికి ఎదుట ఒకడుండాలి. 2014 తరువాత సర్కారీ వేదికలపై యాదగిరి పాట వినిపించినప్పుడు ముందు వరుసలో కూర్చున్నది సర్కారే.