భవన నమూనా, అగ్ని అనుకరణ: చారిత్రక పరిచయం

జగ్గయ్యపేట బజారులో ఒక రెండంతస్తుల భవనాన్ని ఊహించుకోండి. కింద బట్టల దుకాణం, పైన ట్యూషన్ కేంద్రం, రెండింటికీ ఒకటే మెట్లదారి. కింద నిప్పు అంటుకుంటే పొగ మెట్లదారిని ఎన్ని నిమిషాల్లో కమ్మేస్తుంది? ఇటువంటి ప్రశ్నకు కంప్యూటరు లెక్కలతో సమాధానం వెతకడాన్ని అగ్ని అనుకరణ అంటారు.

దీని చరిత్రలో రెండు పాయలు ఉన్నాయి. మొదటిది భవన నమూనా. 1970వ దశకంలో అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్, గీతల పటానికి బదులు గోడలు, తలుపులు, కిటికీలను కొలతలతో సహా కంప్యూటరులో భద్రపరచే పద్ధతిని రూపొందించాడు. రెండవది అగ్ని గణితం. 2000లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 'ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్'ను విడుదల చేసింది. ఇది గదిని చిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో వేడి, గాలి, పొగ ఎలా మారుతున్నాయో లెక్కిస్తుంది. 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలాండ్‌లోని స్టేషన్ నైట్‌క్లబ్ అగ్నిప్రమాదంలో 100 మంది మరణించారు. దాని పరిశోధనలో నిస్ట్ ఈ సాధనాన్నే ఉపయోగించింది.

మొదట్లో ఇంజనీరు పటం చూసి ప్రతి గోడనూ మళ్లీ నమోదు చేయవలసి వచ్చేది. భవన సమాచార మార్పిడికి ఉద్దేశించిన ఐఎఫ్‌సి రూపం 2013లో ఐఎస్ఓ 16739 ప్రమాణంగా వెలువడింది. ఇటువంటి ఉమ్మడి రూపాల వల్ల ఆ శ్రమ తగ్గింది. అయినా పని పూర్తికాదు. గడికంటే చిన్న వివరాలను సరళీకరించాలి. ఏ వస్తువు మండితే ఎంత వేడి వెలువడుతుందో ఇంజనీరే విడిగా ఇవ్వాలి.

అంతకంటే ముఖ్యమైన విషయాన్ని గమనించండి. 2020 ఆగస్టు 9న విజయవాడలో, కోవిడ్ సంరక్షణ కేంద్రంగా వాడుతున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 10 మంది మరణించారు. భవనం ఒకటే అయినా వాడుక మారితే అందులోని మనుషులు, సామగ్రి, విద్యుత్ భారం మారుతాయి. త్వరగా నడవలేని రోగికి బయటపడే సమయం ఎక్కువ కావాలి. పాత నమూనాతో చేసిన అనుకరణ పాత భవనానికే జవాబు చెబుతుంది. కాబట్టి వాడుక మారినప్పుడల్లా నమూనాను సవరించి, లెక్క మళ్లీ చేయాలి.

అభ్యాసం: జగ్గయ్యపేటలోగాని నందిగామలోగాని మీకు తెలిసిన ఒక భవనాన్ని అనుమతితో పరిశీలించండి. పటంలో ఉన్న దారుల్లో ఏవి ఇప్పుడు మూసి ఉన్నాయి? మెట్ల కింద ఏం నిల్వ చేశారు? మీ సమాధానాలను 10 వాక్యాల్లో రాయండి.