కోల్ (పదం)

కోల్ అనేది నేలబొగ్గును సూచించే ఆంగ్ల పదము. కొత్తగూడెం, ఇల్లందు, రామగుండం, గోదావరిఖని, బెల్లంపల్లి వంటి సింగరేణి గనుల ప్రాంతాలను కలిపి కోల్‌బెల్ట్ అని వ్యవహరిస్తారు.

పుట్టుక

ఈ పదానికి ప్రాచీన ఆంగ్ల రూపము "కొల్". దానికి మొదట ఉన్న అర్థము నిప్పుకణిక లేదా కాలిన కర్ర. గనితో సంబంధము లేదు. మధ్యయుగములో ఓడల మీద లండనుకు చేరిన ఖనిజపు బొగ్గును "సీ కోల్" (సముద్రపు బొగ్గు) అనేవారు. ఖనిజపు బొగ్గు వాడకము పెరిగిన కొద్దీ కోల్ అన్న పేరు దానికే స్థిరపడినది. కర్రబొగ్గుకు చార్‌కోల్ అనే వేరు పేరు నిలిచినది.

తెలుగులో పోలిక

తెలుగులో బొగ్గు అనే మాట కూడా ఇదే దారిలో నడిచినది. కర్ర కాలగా మిగిలినదే బొగ్గు కనుక, భూమి నుండి తీసినదానిని నేలబొగ్గు, రాక్షసిబొగ్గు అన్నారు. గనుల ప్రాంతములో నేడు వట్టి బొగ్గు అంటే ఖనిజమే. రెండవదానిని కట్టెబొగ్గు అని విడిగా చెప్పవలసి వస్తుంది. గనిని మాత్రము కార్మికులు తమ పాత మాటతోనే "బాయి" (బావి) అంటారు. గోదావరిఖని పేరులోని ఖని సంస్కృత పదము. గని దాని తద్భవము.

కాలరీ

కోల్ నుండి పుట్టిన "కాలియర్" అనే మాటకు తొలి అర్థము కర్రబొగ్గు కాల్చేవాడు, అమ్మేవాడు. తరువాత అది గని కార్మికునికి, బొగ్గు మోసే ఓడకు కూడా పేరైనది. కాలియర్ పని చేసే చోటు "కాలరీ". 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లాండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందినది. 1920లో వచ్చిన సింగరేణి కాలరీస్ కంపెనీ పేరులో ఒక తెలుగు గ్రామము, ఒక ఆంగ్ల పదము కలిసినవి. సంస్థ ప్రధాన కార్యాలయము కొత్తగూడెంలో ఉన్నది.

ఆహారము విషయములో వాడే కాలరీ (కేలరీ) వేరు పదము. అది వేడి అనే అర్థము గల లాటిన్ "కాలోర్" నుండి వచ్చినది. అయితే బొగ్గు నాణ్యతను కూడా కిలోకు ఎన్ని కిలోకాలరీల వేడి ఇస్తుందో చూసి నిర్ణయిస్తారు. అందువలన ఈ రెండు మాటలు గనుల వద్ద తరచు కలుస్తాయి.

సంబంధిత పదాలు

కార్బన్ కోల్‌కు జ్ఞాతి కాదు. కర్రబొగ్గు అనే అర్థము గల లాటిన్ "కార్బో" దాని మూలము. కార్బన్ డయాక్సైడును తెలుగులో బొగ్గుపులుసు వాయువు అనడములోను ఆ అర్థమే కనబడుతుంది.