ఘటోత్కచుడి నవ్వు ఎవరిది?

2027 మార్చి 27కు ‘మాయాబజార్’ విడుదలై డెబ్బై ఏళ్లు నిండుతాయి. ఆ వారం ఆదివారం అనుబంధాల అట్టల మీద ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావు బొమ్మ ఖాయమని ఇప్పుడే చెప్పేయొచ్చు. మాయాబజార్‌ను ‘అమ్మానాన్నల కాలంనాటి సినిమా’ అంటూ ముద్దు చేసిన పిల్లలు ఈపాటికి తాతయ్యలూ అమ్మమ్మలూ అయిపోయారు. వాళ్ల పిల్లలూ దాన్ని అమ్మానాన్నల సినిమాగానే లెక్కేసుకున్నారు. ఇంతకీ ఇది ఏ అమ్మానాన్నల సొత్తు అని వెతకబోతే దారి చాలా వెనక్కి పోతుంది.

వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. కవిత్రయం కూడా ఆమె ఊసెత్తలేదు. బలరాముడికి శశిరేఖ అనే పెళ్లీడు కూతురున్నట్టూ, ఆమెను దుర్యోధనుడి కొడుక్కి కట్టబెట్టబోతే ఘటోత్కచుడు వచ్చి పెళ్లి చెడగొట్టినట్టూ అల్లుకున్నది జనమే. ఊళ్లో కథ చెప్పేవాళ్లు తేదీలు వేసి చెప్పరు. కాబట్టి కొన్ని వందల ఏళ్లను ఒక్క అంగలో దాటి 1885లో దిగడం మేలు.

ఆ ఏడు కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం వాళ్లు ‘కీచక వధ’ ఆడారు. ఊరి పేరే నాటక సమాజం పేరయింది. తాత, కొడుకు, కోడలు, మనవరాలు అందరూ అదే తెర వెనక ముఖాలకు రంగు పూసుకునేవాళ్లు. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టేవాళ్లు. వాళ్ల ‘మాయాబజార్’లో కంటికి ఆనని తీగల మీద లడ్డూలు ఎగిరివచ్చి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే పందిరి మొత్తం ఘొల్లుమనేది. ఆ తర్వాత సినిమా వచ్చింది. 1936లో పి.వి. దాస్ ‘శశిరేఖా పరిణయం’ తీస్తే శాంతకుమారి అందులో శశిరేఖగా తెరకెక్కింది. ఆమెకదే మొదటి సినిమా.

అంటే 1957లో టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లిన కుర్రాడికి కథ కొత్తదేమీ కాదు. వాళ్ల నాన్న నాటకాల డేరాలో నేల మీద కూర్చుని చూసిన కథే అది. ఆ సంగతి నిర్మాతలకు బాగా తెలుసు. నాగిరెడ్డి, చక్రపాణి అంతకు పదేళ్ల ముందు, 1947 జూలైలో, ‘చందమామ’ మొదలుపెట్టినవాళ్లు. అమ్మమ్మ దగ్గర ఉత్తినే దొరికే కథను చక్కగా అచ్చువేసిస్తే ఇంటిల్లిపాదీ డబ్బిచ్చి కొంటారని కనిపెట్టినవాళ్లు. కొడవటిగంటి కుటుంబరావు వచనం, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు ఉన్న ఆ సంచికల్ని బైండు చేయించి దాచిన ఇళ్లలో, నాన్న చిన్నప్పటి చేతిరాతతో పేరున్న పుస్తకాన్నే పిల్లలూ చదువుకున్నారు.

సినిమాలో అన్నిటికన్నా తమాషా చరిత్ర ఉన్నది మాత్రం ‘వివాహ భోజనంబు’ పాటకు.

తెర మీద సంగతి అందరికీ తెలిసిందే. మగపెళ్లివారి కోసం సిద్ధం చేసిన వంటకాల ముందు ఘటోత్కచుడు కూర్చుంటాడు. దేహం పెరుగుతుంది, పళ్లేలు ఖాళీ అవుతుంటాయి, రంగారావు నవ్వుతుంటాడు. గొంతు మాధవపెద్ది సత్యానిది. ఆ నవ్వు పాట చివర తగిలించింది కాదు, పాటలో సగం అదే. పింగళి నాగేంద్రరావు రాయగా ఘంటసాల కట్టిన బాణీ అని చాలామంది అనుకుంటారు. ఘంటసాల సంగీతం చేసిన మాట నిజమే. నాలుగు పాటలకు వరసలు కట్టి సాలూరి రాజేశ్వరరావు తప్పుకుంటే, మిగతా భారమంతా ఆయనే మోశాడు. పాట మాత్రం సినిమాకన్నా పెద్దది. ‘శశిరేఖా పరిణయం’ నాటకాల్లో, గ్రామఫోను పళ్లేల మీద అదివరకే తిరిగిన సరుకు. దర్శకుడు కె.వి. రెడ్డి దాన్ని పిలిచి పీట వేశాడు.

మరి నాటకాలవాళ్లకు ఆ వరస ఎక్కడిది? 1922లో లండన్‌లో చార్లెస్ పెన్‌రోజ్ అనే హాస్యగాడు, చార్లెస్ జాలీ అని పేరు మార్చుకుని, ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ అనే పాట రికార్డు చేశాడు. ఎప్పుడూ నవ్వుతుండే ఒక పోలీసాయన కథ. పల్లవి వచ్చేచోట మాటలుండవు, నవ్వే ఉంటుంది. ఈ రెండు పాటల్నీ వెంటవెంటనే వింటే బంధుత్వం తెలియడానికి సంగీతజ్ఞానం అక్కర్లేదు. హస్తినాపురం వియ్యంకుల విందులో వినిపించే నవ్వు ఇంగ్లండు ఠాణా మీదుగా వచ్చిందన్నమాట!

అక్కడితోనూ ఆగదు. పెన్‌రోజ్ వరస కూడా సొంతం కాదు. అమెరికాలో బానిసత్వం రద్దు కాకముందు, వర్జీనియాలో పుట్టిన నల్లజాతి గాయకుడు జార్జ్ డబ్ల్యు. జాన్సన్. న్యూయార్క్ రేవుల దగ్గర వచ్చేపోయేవాళ్లకు పాడి, ఈలలు వేసి చిల్లర సంపాదించుకునేవాడు. పెన్‌రోజ్ వరసకు మూలమైన ‘ది లాఫింగ్ సాంగ్’ను 1890లలో పాడి పేరు తెచ్చుకున్నాడు. అమెరికాలో రికార్డులకెక్కిన తొలి నల్లజాతి గాయకుల్లో ఆయనొకడు. ఆ రోజుల్లో ఒక రికార్డు నుంచి వేల నకళ్లు తీసే పద్ధతి ఇంకా రాలేదు. మైనపు గొట్టాలమీద పాట ఎక్కించేవాళ్లు. గాయకుడి ముందు వరసగా కొన్ని యంత్రాలు పెడితే, ఒకసారి పాడినందుకు కొన్ని గొట్టాలే తయారయ్యేవి. అవి అమ్ముడైతే మళ్లీ పాడాల్సిందే, మళ్లీ అదే హుషారుతో నవ్వాల్సిందే. జాన్సన్ ఆ ఒక్క పాటను వేలసార్లు పాడాడు. నవ్వు ఎంత కూలిపనో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసుండదు.

ఆ నవ్వే గ్రామఫోను పెట్టెల్లో పడి ఊళ్లు తిరిగి, మన రంగస్థలం చెవిన పడి, లడ్డూలూ అరిసెలూ కలుపుకుని తెలుగుదైపోయింది. ‘మాయాబజార్’ తమిళంలోనూ తయారైంది కాబట్టి అక్కడ ‘కల్యాణ సమయల్ సాదం’ పేరుతో తిరుచ్చి లోకనాథన్ గొంతులో పలికింది. ఇవాళ్టికీ ఆ పాటను రెండు రాష్ట్రాల తెలుగువాళ్లు పెళ్లిపందిట్లో వేస్తారు, తమిళులు వాళ్ల పందిట్లో వేస్తారు. ఇది మా తాతలనాటిదని ఇరుపక్షాలకూ గట్టి నమ్మకం.

ఆ తర్వాతి తరం దాన్ని అందుకున్న పద్ధతి వేరు. సినిమా విడుదలయ్యేనాటికి దర్శకుడు జంధ్యాలకు ఆరేళ్లు. పెద్దయ్యాక, 1987, 88 సంవత్సరాల్లో వరసగా ‘అహ నా పెళ్లంట’, ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’ తీశాడు. మూడు పేర్లూ మాయాబజార్ పాటల్లోంచి తీసుకున్నవే. 1996లో ఈటీవీ ‘పాడుతా తీయగా’ మొదలుపెడితే, పట్టుపరికిణీల పిల్లలు తాము పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందరి పాటల్ని గమకాలతో సహా పాడేవాళ్లు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక్కో పాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఎదురుగా టీవీ చూస్తున్న తల్లిదండ్రులు తమ పిల్లల వంక ఓరగా చూసేవాళ్లు.

2010 జనవరి 30న మాయాబజార్ రంగులు వేసుకుని థియేటర్లకు వచ్చింది. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ నలుపు తెలుపు ఫ్రేముల్ని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో రంగరించింది, ధ్వనినీ కొత్త పద్ధతిలోకి మార్చింది. నిడివి కోసం కొన్ని పద్యాలకూ పాటలకూ కత్తెర పడింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ వెన్నెలకు మళ్లీ రంగెందుకని సణిగినవాళ్ల మాటలో న్యాయముంది. ‘లాహిరి లాహిరి’ పాటను నలుపు తెలుపులో చూసినవాళ్లకు నీలం పులిమిన రాత్రి పరాయిదిలాగే ఉంటుంది. అయినా నలుపు తెలుపు అనగానే ఛానల్ మార్చే పిల్లలు ఆ రంగుల కోసమే హాల్లో కూర్చున్నారు.

ఇక పేర్ల దగ్గర కథ చిక్కుపడిపోతుంది. ‘మాయాబజార్’ పేరుతో 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణ ఇంకో సినిమా తీసేశాడు. ‘శశిరేఖా పరిణయం’ 2009లో కృష్ణవంశీ చేతిలో పడింది. 2011లో ఇంకో ‘అహ నా పెళ్లంట’, 2021లో ఇంకో ‘వివాహ భోజనంబు’ వచ్చాయి. 2018లో ‘మహానటి’కి వెళ్లిన కాలేజీ పిల్లలు సావిత్రిగా వేసిన కీర్తి సురేశ్‌ను చూశాక, మాయాబజార్ శశిరేఖ అయిన అసలు సావిత్రిని వెతికారు. ఒకే పేరున్న సినిమాల్లో తొలిది ఏది, తర్వాతిది ఏదని యూట్యూబ్‌లో తేల్చుకోవడం ఓ పని. ఇటు ‘అమ్మానాన్నల కాలం’ కూడా ఉన్నచోట ఉండకుండా ముందుకు జరిగింది. 2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్లీ విడుదలైంది. దాని దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ఒకప్పుడు మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడు. మరుసటి నెల 9న ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’ మళ్లీ వచ్చింది. రెంటికీ సంగీతం ఇళయరాజా. వాటికి వెళ్లిన కుర్రాళ్లకు అమ్మానాన్నల సంగీతమంటే అదే. ‘పాత పాటలు’ అని రాసి ఉన్నచోట ‘ప్రేమదేశం’ పాట వినబడేసరికి నలభై అయిదేళ్లవాళ్లు ఉలిక్కిపడి, అది పాతదెలా అవుతుందని పిల్లలతో పోట్లాటకు దిగుతున్నారు.