దర్శకుడి కుర్చీ ఎలా పుట్టింది?

నెల్లూరు జిల్లాలోని అల్లూరు రోడ్ స్టేషన్ మీదుగా దక్షిణానికి పోయే రైళ్లు చాలావరకు మద్రాసు దారి పట్టేవే. తెలుగు సినిమా పెరిగి పెద్దదైన ఊరు ఆ మద్రాసే. అందుకే నెల్లూరు సీమకూ సినిమాకూ మధ్య దూరం ఎప్పుడూ తక్కువే. రమణారెడ్డి, వాణిశ్రీ, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఈ జిల్లావాళ్లని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. దర్శకులు పి. పుల్లయ్య, సింగీతం శ్రీనివాసరావు కూడా ఈ జిల్లావాళ్లేనన్న సంగతి మాత్రం అంత త్వరగా గుర్తుకు రాదు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. సినిమాను హీరో పేరుతో చెప్పుకోవడం మనకు అలవాటు. దర్శకుడంటే సెట్ మీద కుర్చీలో కూర్చుని ‘యాక్షన్’, ‘కట్’ అనే మనిషిగానే చాలామందికి తెలుసు. అసలు ఆ కుర్చీ ఎందుకు అవసరమైందో చరిత్రలో వెతికితే వేరే సంగతి తేలుతుంది. సినిమాను కథ వరుసలో తీయరు, ముక్కలుగా తీస్తారు. ఆ ముక్కలన్నీ అతికాక వచ్చే కథ తీస్తున్నప్పుడు ఎవరికీ కనిపించదు. కనపడని ఆ మొత్తాన్ని మొదటి చర్చ నుంచి ఫస్ట్ కాపీ దాకా మనసులో మోసే మనిషి ఒకరు కావాలి. దర్శకుడి పదవి ఆ అవసరంలోంచి పుట్టింది. అధికారం దాని వెనకే వచ్చింది.

మొదట్లో ఆ పని చేయడానికి ప్రత్యేకంగా ఒక మనిషంటూ లేడు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన దాదాసాహెబ్ ఫాల్కే నిర్మాత, రచయిత, దర్శకుడు అన్నీ తానే. 1921లో వచ్చిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’కు దర్శకుడైన రఘుపతి ప్రకాశ్, తెర మీద భీష్ముడు కూడా తానే అయ్యాడు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, సురభి నటులతో, బొంబాయిలో తీశారు. కథ, మాటలు, పద్యాలు, నటన చాలావరకు రంగస్థలం మీద అప్పటికే పండి ఉన్నాయి. నాటకాన్ని కెమెరా ముందుకు, మైకు దగ్గరికి తీసుకురావడమే అప్పటి దర్శకుడి ముఖ్యమైన పని. నాటక సమాజంలో పెద్దలు పాఠం చెప్పించేవారు, హార్మోనియం శ్రుతిని కాసేది, కథ మొదటి అంకం నుంచి భరతవాక్యం దాకా వరుసగా సాగేది. ఇవాళ తప్పిన పద్యాన్ని రేపటి ప్రదర్శనలో దిద్దుకోవచ్చు. అలాంటి చోట మొత్తాన్ని విడిగా మోసే మనిషి లేకపోయినా నడుస్తుంది. ఆ మొత్తం రోజూ అందరి కళ్లముందే జరుగుతోంది కదా.

సినిమా ఈ సౌకర్యాన్ని రెండు విధాలుగా పోగొట్టింది. ఒక సెట్ వేశాక అందులో జరిగే సన్నివేశాలన్నీ ఒకేసారి తీయకపోతే ఖర్చు పెరుగుతుంది. అందువల్ల పెళ్లి ముందు, తొలిచూపు తర్వాత తీయాల్సి వస్తుంది. రెండోది నేపథ్యగానం. తొలి టాకీల్లో నటులు కెమెరా ముందే పాడేవారు. పాటను ముందే రికార్డు చేసి, తర్వాత చిత్రీకరించే పద్ధతి వచ్చాక, సన్నివేశం ఇంకా పుట్టకముందే దాని భావం, వేగం, నిడివి ఎవరో ఒకరు తేల్చి చెప్పాల్సి వచ్చింది. నెల్లూరు పుల్లయ్య జీవితమే ఈ మార్పుకు మంచి సాక్ష్యం. 1939లో ఆయన ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తీశారు, అందులో శాంతకుమారి పద్మావతి. 1960లో అదే కథను అదే పేరుతో మళ్లీ తీశారు. ఈసారి ఎన్.టి. రామారావు వేంకటేశ్వరుడు, సావిత్రి పద్మావతి, శాంతకుమారి వకుళమాత. కథ పాతదే, దర్శకుడూ పాతవాడే. కానీ ఈ ఇరవయ్యొక్క ఏళ్లలో గొంతు ఒకరిది, ముఖం ఒకరిది కావడం మామూలైపోయింది. ఆ గొంతూ ఆ ముఖమూ ఒకే మనిషివని ప్రేక్షకుడిని నమ్మించే భారం దర్శకుడి మీద పడింది.

ఈ భారాన్ని ఒక పద్ధతిగా మలచినవారిలో కె.వి. రెడ్డిని ముందు చెప్పుకోవాలి. ఆయన రంగస్థలం నుంచి రాలేదు. వాహిని చిత్రనిర్మాణ సంస్థలో ప్రొడక్షన్ మేనేజర్‌గా లెక్కలు, కాల్షీట్లు, ఫిల్ము ఖర్చు చూసి, ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు. ముందు స్క్రిప్టు పూర్తికావాలి, ప్రతి సన్నివేశానికి ఎంత నిడివో తేలాలి, ఆ తర్వాతే సెట్ మీదికి వెళ్లాలి అన్నది ఆయన నియమం. స్టాప్‌వాచ్ పెట్టి సన్నివేశాన్ని కొలిచేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెప్పారు. అమెరికాలో 1910లలో నిర్మాత థామస్ ఇన్స్ కూడా షాట్లవారీగా రాసిన స్క్రిప్టుతో చిత్రీకరణను నడిపించాడు. అక్కడ ఆ పద్ధతి నిర్మాత చేతికి పట్టు ఇచ్చింది. ఇక్కడ అదే పద్ధతి దర్శకుడి చేతిని బలపరిచింది. లెక్క ముందే తేల్చగలిగినవాడి మాటకు నిర్మాత దగ్గర విలువ పెరగడం సహజం.

1957లో కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ను ఈ కోణంలో చూస్తే దర్శకుడి పని ప్రతి దశలోనూ కనిపిస్తుంది. మహాభారత పాత్రలతో నడిచే కథలో పాండవులు తెర మీదికే రారు. పింగళి నాగేంద్రరావు రచనా, దర్శకుడి సమ్మతీ కలిసి కథాచర్చల దగ్గరే తీసుకోవాల్సిన నిర్ణయమది. సెట్ మీద తోచే ఆలోచన కాదు. సంగీతంలో ఎస్. రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే ఘంటసాల మిగతాది పూర్తిచేశారు. అయినా పాటల్లో అతుకు వినిపించదు. పడవ మీది పాటలో మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో వెన్నెల సృష్టించాడు. ఆ వెన్నెల ఎందుకో, ఎంతసేపో కథ చెప్పాలి. సావిత్రి శశిరేఖగానూ, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగానూ నటించింది. సన్నివేశాలు ముందువెనకలుగా తీసే చోట, ఇవాళ కెమెరా ముందున్నది ఏ శశిరేఖో, ఆ నడకలో రాక్షసత్వం ఎంత పాలు ఉండాలో లెక్క తప్పితే నవ్వు పుట్టాల్సిన చోట గందరగోళం పుడుతుంది. పైగా కొంత తారాగణాన్ని మార్చి తమిళంలోనూ అదే చిత్రాన్ని తీశారు. ఒకే సన్నివేశాన్ని రెండు భాషల్లో, ఇద్దరు అభిమన్యులతో నడిపించాలంటే కొలత కాగితం మీద ముందే ఉండాలి.

షూటింగ్ అయిపోయి గుమ్మడికాయ కొట్టిన రోజుతో దర్శకుడి పని సగమే అవుతుంది. రషెస్ చూసుకుని ఏ టేక్ ఉంచాలో, ఏ సన్నివేశం ఎంత బాగున్నా తీసెయ్యాలో ఎడిటింగ్ గదిలో తేల్చాలి. డబ్బింగ్‌లో మాట విరుపును, రీరికార్డింగ్‌లో వాద్యం మొదలయ్యే క్షణాన్ని, మిక్సింగ్‌లో మాటకూ సంగీతానికీ మధ్య పాళ్లను నిర్ణయించాలి. అవసరమైతే సెన్సార్ దగ్గర తన కథ తరఫున వాదించాలి. ఒక్కో దశలో ఆ విద్యలో దర్శకుడిని మించినవాళ్లు ఉంటారు. ఎడిటర్‌కు కత్తెర తెలుసు, ఛాయాగ్రాహకుడికి వెలుగు తెలుసు, సంగీత దర్శకుడికి స్వరం తెలుసు. ఆ గదులన్నిట్లోనూ ఒకే కొలబద్దతో కూర్చునేది మాత్రం దర్శకుడొక్కడే.

సినిమా సమష్టి కళ అయినప్పుడు ఘనత ఒక్కరికి కట్టబెట్టడమేమిటని అడగవచ్చు. చాలా సినిమాల్లో అసలు నిర్ణయాలు నిర్మాతవే, హీరోవే కదా అనీ అనవచ్చు. ఈ మాటల్లో నిజం ఉంది. ‘మిస్సమ్మ’ను ఎల్.వి. ప్రసాద్ భానుమతితో మొదలుపెట్టారు. నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చి ఆమె తప్పుకుంది, ఆ పాత్ర సావిత్రికి వెళ్లింది. అక్కడ గెలిచింది నిర్మాత మాటే. కానీ తర్వాత సంగతి కూడా చూడాలి. నాయిక మారాక ఆ సినిమా స్వభావాన్ని ఆమె చుట్టూ మళ్లీ సమకూర్చాల్సింది ఎవరు? ఆ పని నిర్మాత చేయలేదు, దర్శకుడికే మిగిలింది. ‘లవకుశ’ ఇంకా గట్టి ఉదాహరణ. సి. పుల్లయ్య మొదలుపెట్టిన ఆ రంగుల చిత్రం డబ్బు చాలక ఆగిపోయి, ఏళ్ల తర్వాత ఆయన కుమారుడు సి.ఎస్. రావు చేతుల్లో పూర్తై 1963లో విడుదలైంది. మనిషి మారినా సినిమా నిలిచింది కాబట్టి దర్శకుడు అంత ముఖ్యుడు కాదనిపించవచ్చు. నాకు అది తిరగబడి కనిపిస్తుంది. ఆ కుర్చీని ఖాళీగా ఉంచి సినిమా పూర్తిచేయడం ఎవరికీ సాధ్యం కాలేదు, తండ్రి మోసిన బరువును కొడుకు భుజానికి ఎత్తుకోవాల్సి వచ్చింది. ఘనత ఎవరిదన్న తగాదా వేరు, బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వేరు. నేను వాదిస్తున్నది రెండోదాని గురించే.

ఇంత ముందు లెక్క వేసుకుంటే కళ ఎండిపోదా, సెట్ మీద తటాలున మెరిసే ఆలోచనకు చోటేదీ అన్న సందేహం మరింత బలమైనది. సమాధానం నెల్లూరు జిల్లాలోనే ఉంది. ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం, 1987లో మాటల్లేని ‘పుష్పక విమానం’ తీశారు. మాటలున్న సినిమాలో సన్నివేశం బలహీనపడితే డబ్బింగ్‌లో ఒక వాక్యం కలిపి నెట్టుకురావచ్చు. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. ప్రతి నవ్వూ, ప్రతి మలుపూ చూపులోంచి, వస్తువులోంచి రావాలంటే ముందస్తు ఆలోచన ఎంత కఠినంగా ఉండాలో ఊహించుకోవచ్చు. ఆ సినిమాలో కనిపించేది మాత్రం లెక్క కాదు, అల్లరి. బాపు షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునేవారు, ఆయన సినిమాల్లోని మనుషులు బొమ్మల్లా బిగుసుకుపోలేదు. ఏది మారకూడదో తేల్చుకున్నవాడికే, ఏది మారినా ఫర్వాలేదో తెలుస్తుంది. స్క్రిప్టు లేకుండా సెట్‌కు వచ్చినవాడు కొత్త ఆలోచన తోచినప్పుడు, అది కథకు వరమో శాపమో దేనితో పోల్చి చూస్తాడు?

ఈ తరానికి ఈ చరిత్ర ఎందుకంటే, ఫిల్ము ఖరీదు విధించిన క్రమశిక్షణ ఇప్పుడు పోయింది. డిజిటల్ కెమెరాతో ఎన్ని టేకులైనా తీయవచ్చు. ఆకాశం రంగు డి.ఐ.లో (రంగులు సరిదిద్దే దశలో), కోట గోడ గ్రాఫిక్స్‌లో తర్వాత చూసుకుందామనవచ్చు. దీంతో దర్శకుడి పని తేలికైందని అనుకోవడం పొరపాటు. వాయిదా వేసిన ప్రతి నిర్ణయమూ వడ్డీతో తిరిగి వస్తుంది. ‘బాహుబలి’ లాంటి చిత్రాల్లో నటుడి ఎదుట లేని జలపాతాన్ని, లేని సైన్యాన్ని షూటింగ్ నాడే దర్శకుడు చూసి ఉండాలి. లేకపోతే నటుడి కన్ను ఒకవైపు, నెలల తర్వాత గ్రాఫిక్స్‌లో పుట్టే సైన్యం మరోవైపు ఉంటాయి. అంటే కనపడని మొత్తం ఇప్పుడు ఇంకా పెద్దదైంది, మోసే కాలం కూడా పెరిగింది. కాబట్టి దర్శకుడిని బేరీజు వేయడానికి సెట్ మీద ఎంత గట్టిగా అరిచాడన్నదీ, ఎన్ని కోట్లు ఖర్చుపెట్టించాడన్నదీ కొలతలు కావు. ముందువెనకలుగా తీసిన వందల ముక్కల్లో ఒక పాత్ర ఒకే మనిషిగా నిలిచిందా, ఒక భావం తెగకుండా చివరిదాకా పెరిగిందా అని చూడాలి. అలా నిలబెట్టగలిగినవాడే ఆ కుర్చీకి హక్కుదారు.