గఢ్వాలీల ఎర్రత్రాడు

సైనికుని దుస్తులలో ఒక త్రాటికి విలువ యెంత? గఢ్వాల్ రైఫిల్స్ పటాలమువారు కుడిభుజమున ధరించు పేనిన ఎర్రత్రాటి చరిత్ర తెలిసినవారు ఈ ప్రశ్న వేయరు.

మొదటి ప్రపంచయుద్ధమున ఈ కొండప్రాంతపు రైతుబిడ్డలు ఫ్రాన్సులోని బురదకందకములలో పోరాడిరి. 1914 నవంబరులో ఫెస్టుబర్ట్ వద్ద నాయక్ దర్వాన్ సింగ్ నేగీ, తలకు రెండు గాయములైనను, శత్రువుల చేజిక్కిన కందకమున ప్రతి మలుపునను ముందు చొరబడినవారిలో ఒకడయ్యెను. 1915 మార్చి 10వ తేదీన నవ్‌షాపెల్ వద్ద గబర్ సింగ్ నేగీ అట్లే పోరాడి నేలకొరిగెను. ఇరువురకును విక్టోరియా క్రాసు లభించినది.

1921లో పటాలమునకు ‘రాయల్’ బిరుదమును, ఎర్రత్రాడును కలిసి వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము బిరుదము పోయినది, త్రాడు నిలిచినది. పరరాజు ప్రసాదము మనకేల యనువారు ఉండవచ్చును. కాని దాని వెల చెల్లించినది రాజు కాదు. గబర్ సింగ్ స్మారకము గఢ్వాలు కొండలలోని చంబాలో నున్నది.