గోదావరి ఎడమగట్టు: చేతులు మారిన మన్యసీమ

కూనవరము వద్ద శబరీనది గోదావరిలో కలియును. ఆ సంగమమునకు ఎగువన భద్రాద్రి, దిగువన పాపికొండలు, ఉత్తరమున బస్తరు అరణ్యములు. ఈ సీమలో కోయలును, కొండరెడ్లును తరతరములుగా పోడు కొట్టుకొని, జొన్నయు చిరుధాన్యములును పండించుకొని, ఇప్పపూవు ఏరుకొని జీవించుచు వచ్చిరి. శబరి ఒడ్డున చింతూరు ప్రాంతమున ఒక కోయగూడెమును తీసికొందము. ఆ గూడెము కదలలేదు. కాని దాని పైనున్న ప్రభుత్వము 1860 వరకు నిజాముది, పిమ్మట మధ్యరాష్ట్రములది, 1874 నుండి మదరాసుది, 1953లో ఆంధ్రరాష్ట్రముది, 1956లో ఆంధ్రప్రదేశముది. జిల్లాల పేర్లు అంతకంటె ఎక్కువసార్లు మారినవి. ఒక్కసారియైనను ఆ గూడెమువారి అభిప్రాయము అడిగిన దాఖలా చరిత్రలో కానరాదు.

మొదటి మార్పునకు కారణము ప్రత్తి. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి ముగించి, అంతతో తృప్తిపడలేదు. గోదావరిని వార్ధా వరకు ఓడలు నడచు దారిగా మార్చినచో, నాగపూరు, బేరారు సీమల ప్రత్తి నేరుగా కోకనాడ రేవుకు దిగునని ఆయన వాదము. ఆ దారికి అడ్డము మూడు రాతి అవరోధములు: దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి. వానిని దాటుటకు కాలువలు, లాకులు కట్టవలెను. కట్టవలెనన్న గట్టు తమ చేతిలో నుండవలెను. ఆ గట్టు నిజాముది.

1860 డిసెంబరులో జరిగిన సంధి ఈ అవసరమును తీర్చెను. 1853లో సైన్యపు ఖర్చు క్రింద తీసికొన్న రాయచూరు దోఆబును, ధారాశివమును ఆంగ్లేయులు నిజామునకు తిరిగి ఇచ్చిరి. సురపురము సంస్థానమును చేర్చిరి. ఏబది లక్షల రూపాయల బాకీని రద్దుచేసిరి. 1857 కల్లోలమున నిజాము తమ పక్షమున నిలిచినందుకు ఇది బహుమానమని చెప్పుకొనిరి. అదే సంధిలో గోదావరి, వైనగంగల ఎడమగట్టు తాలూకాలను తాము తీసికొని, ఆ నదులపై నడచు సరకుకు సుంకము లేదని వ్రాయించుకొనిరి. బహుమానములో కొనుగోలు కూడ ఇమిడియుండుట నాటి దొరతనపు నేర్పు.

ఈ తాలూకాలతో అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడెను. ముఖ్యస్థానము సిరొంచ. 1861లో మధ్యరాష్ట్రములు ఏర్పడగా ఇది వానిలో భాగమాయెను. అంతకుముందు ఈ సీమకు సుఖమున్నదని చెప్పుటకు వీలులేదు. పాల్వంచ జమీందారులు రోహిలా సిపాయిలను పెట్టుకొని, జీతము సరిగా ఇయ్యక, ఊళ్లమీద బ్రతుకుటకు విడిచిపెట్టెడివారు. కొత్త దొరతనము ఆ దోపిడిని అణచినది. అంతకంటె మన్నెమువారికి ముఖ్యమైనది, పోడు విషయమున అది ఎక్కువ జోక్యము చేసికొనలేదు. రేకపల్లి ప్రాంతమున గొడ్డలి ఒక్కింటికి పావలా పన్ను. ఆ పావలా కట్టినవాడు తనకు నచ్చిన చోట అడవి కొట్టుకొనవచ్చును. పన్ను భూమిమీద కాదు, గొడ్డలిమీద. కొలతగొలుసు ఎరుగని సీమకు అది చక్కగా అమరిన ఏర్పాటు.

ఓడల దారి మాత్రము నెరవేరలేదు. దుమ్ముగూడెమున ఆనకట్టయు లాకులును లేచినవి. కాని 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరెను. ప్రత్తి రైలెక్కెను. 1871లో నావికాయోజన నిలిచిపోయెను. దానికొరకు పుచ్చుకొన్న సీమ మాత్రము మిగిలినది.

ఇప్పుడు దానినేమి చేయవలెను? నాగపూరునుండి పాలించుటకు ఇది మిక్కిలి దూరము. నది వెంబడి రాజమహేంద్రవరము దగ్గర. 1874లో అప్పర్ గోదావరి జిల్లాను ఎత్తివేసి, భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మదరాసు ప్రభుత్వపు గోదావరి జిల్లాలో చేర్చిరి. సిరొంచ చాందా జిల్లాకు పోయెను. దస్త్రములో చూచినచో ఇంతకంటె సబబైన నిర్ణయము ఉండదు. దూరము తగ్గినది, భాష కలిసినది.

కాని తాలూకాతోపాటు గొడ్డలి పన్ను బదిలీ కాలేదు. మదరాసువారి పద్ధతి వేరు. పోడు పన్ను ఇంచుమించు మూడింతలాయెను. కొన్ని తావులలో పోడే కూడదనిరి. పావలా కట్టి కొండ యేలుకొనిన కొండరెడ్డికి, తాను ఎన్నడును చూడని చెన్నపట్టణములో ఎవరో తన కొండను ఏల మూసిరో తెలియలేదు. మార్పు జరిగి ఐదేండ్లయినను నిండకముందే దాని ఫలము కనబడినది.

1879 మార్చిలో రంప మన్సబులో పితూరీ పుట్టెను. అక్కడి కారణములు అక్కడివి: మన్సబుదారు దౌష్ట్యము, కల్లుపై చిగురుపన్ను, కోర్టు డిక్రీలతో పశువులను తోలుకొనిపోవు వర్తకులు, పోలీసు జవానుల వసూళ్లు. ద్వారబంధాల చంద్రయ్య మున్నగువారు దానికి నాయకులు. ఆ సంవత్సరము వర్షకాలమునకు పితూరీ రేకపల్లికి ప్రాకెను. రేకపల్లివారికి రంప మన్సబుదారునితో పనిలేదు. వారి కష్టము పోడు పన్ను, మూసిన అడవి. మదరాసు పదాతిదళములు చాలక హైదరాబాదు కాంటింజెంటును కూడ పిలిపించవలసి వచ్చినది. 1880లో చంద్రయ్య హతుడైన తరువాతనే పితూరీ క్రమముగా అణగినది. రేకపల్లిలో పెరిగిన పన్నునే కల్లోలమునకు మూలముగా తరువాతి జిల్లా గెజెటీరు సైతము ఒప్పుకొన్నది. ఒప్పుకొనుటకు ఒక తరము పట్టినది.

ఈ గుణపాఠము కొంత ఫలించినది. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టము మన్యమును సాధారణ న్యాయస్థానముల నుండి వేరుపరచుటకు అవకాశమిచ్చెను. 1917లో మదరాసు ప్రభుత్వము ఏజెన్సీ భూముల బదిలీ చట్టమును చేసెను. దాని ప్రకారము కొండజాతివాని భూమి ఏజెంటు అనుమతి లేక పరాయివానికి చెల్లదు. వడ్డీకి కూడ హద్దు ఏర్పడినది. చట్టము కాగితముపై ఉన్నంత బలముగా అడవిలో లేదు. అయినను ఉన్నది.

నది ఆవలిగట్టున అదికూడ లేదు. పాపికొండల దాపున గోదావరికి రెండు ప్రక్కలను కొండరెడ్లే. వియ్యములు నది దాటి జరిగినవి. కాని ఎడమగట్టు మదరాసుది, కుడిగట్టు నిజాముది. 1940 దశకపు తొలి సంవత్సరములలో ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు ఈ రెడ్ల మధ్య సంచరించి గ్రంథము వ్రాసెను. కలపకంట్రాక్టర్ల క్రింద వారు పడుచున్న అవస్థ ఆయన దృష్టికి వచ్చినది. తరువాత నిజాము ప్రభుత్వము ఆయననే సలహాదారుగా నియమించెను. అక్కడ గిరిజన ప్రాంతముల నిబంధనలు ఆ దశకములోనే వచ్చినవి. 1956లో రెండు గట్లును ఒకే రాష్ట్రములో కలిసిన తరువాత కూడ చట్టము కలియలేదు. 1959 నాటి భూబదిలీ నిబంధన మొదట ఆంధ్రప్రాంతమునకే వర్తించినది. తెలంగాణా షెడ్యూల్డు ప్రాంతములకు అది 1963లో వచ్చినది. ఒకే జాతి రెండు గట్లకు ఒకే భూచట్టము అందుటకు సంధి జరిగిన నాటినుండి నూటమూడేండ్లు పట్టెను.

ఈలోపల నూగూరు, ఆల్బాక, చర్ల తాలూకాలు కూడ మధ్యరాష్ట్రములనుండి మదరాసుకు వచ్చి చేరినవి. సిరొంచ రాలేదు. అది 1960లో మహారాష్ట్రలో పడినది. అక్కడ నేటికిని తెలుగు వినబడును. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరినుండి తీసి ఖమ్మము జిల్లాలో చేర్చిరి. అప్పటికి రాష్ట్రమొక్కటే గనుక అది జిల్లా సరిహద్దు మాటయే. ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు.

2014లో ఆ గీతకు మరల ప్రాణము వచ్చినది. తెలంగాణ రాష్ట్రావతరణమునకు నాలుగు దినములు ముందు, మే 29న వెలువడిన ఆర్డినెన్సు ద్వారా పోలవరము ముంపు ప్రాంతము ఆంధ్రప్రదేశమున చేరెను. జులైలో పార్లమెంటు దానిని చట్టము చేసెను. ఇది పాత మదరాసు సీమ గనుక తిరిగి వచ్చుట న్యాయమేయని కొందరు వాదించిరి. ఆ వాదము పూర్తిగా నిలువదు. కుక్కునూరు, వేలేరుపాడు కుడిగట్టువి. అవి ఏనాడును మదరాసువి కావు. మరియు 1874 నుండి మదరాసులోనున్న భద్రాచలపట్టణము తెలంగాణలోనే నిలిచినది. గీతను నిర్ణయించినది చరిత్ర కాదు, నీటిమట్టము. 1860లో ఓడల కొరకు, 2014లో ఆనకట్ట కొరకు. రెండుమారులును నదియే.

ఆ గీత భద్రాచలపట్టణమును మూడువైపుల చుట్టినది. రామాలయము తెలంగాణలో, దాని మాన్యములలో పెద్దభాగము పురుషోత్తపట్నమున ఆంధ్రప్రదేశములో. చింతూరు కోయ భద్రాచలము వెళ్లవలెనన్న రాష్ట్రము దాటవలెను. 2022 జులైలో గోదావరి పొంగినపుడు పట్టణమునకు ఆనుకొనియున్న ఎటపాక, పురుషోత్తపట్నము, గుండాల, కన్నాయిగూడెము, పిచుకలపాడు పంచాయతులవారు తమను తిరిగి తెలంగాణలో కలుపవలెనని రోడ్డెక్కిరి. ఈసారి కోరినవారు ఆ ఊళ్లవారే.