హారన్ ఎటు తిరిగి ఉంది?

పోయినేడు హైదరాబాద్‌లో ఒక శనివారం రాత్రి ఫ్రెండ్స్‌మి కూర్చుని ఉంటే పైరేట్ రేడియోల మాటొచ్చింది. 1964లో ఇంగ్లండ్ తీరానికి దూరంగా ఓడ నిలబెట్టి పాటలు వేసిన రేడియో కరోలిన్, 1967లో దాన్ని కట్టడి చేయడానికి తెచ్చిన చట్టం, ఆ తర్వాత లండన్ మేడల మీద దొంగచాటుగా యాంటెన్నాలు కట్టి, క్లబ్బుల్లో మోగిన పాటల్ని గాల్లోకి వదిలిన కుర్రాళ్ళు. "మనకెక్కడివిరా ఇలాంటి కథలు? మనకున్నదల్లా ఆకాశవాణి," అన్నాడొకడు. నేనూ తలూపాను. మాది కంచికచర్ల. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు బస్సు కిటికీలోంచి చూసి మర్చిపోయే ఊరు. అక్కడ నైట్ క్లబ్బేంటి, డీజే ఏంటి?

తలూపడం తప్పని సంక్రాంతికి ఇంటికెళ్ళాక తెలిసింది. మా బాబాయ్ పాతికేళ్ళకు పైగా మైక్ సెట్టు నడిపాడు. పెళ్ళికి, సమర్తకి, పెద్దకర్మకి, తిరనాళ్ళకి, ఎన్నికలకి ఆయన అహూజా ఆంప్లిఫయరే మోగేది. "డీజేనే గదరా నేను గూడా. ఆ పేరు అప్పుడు లేదు, అంతే," అన్నాడు.

మూడు రోజులు ఆయన దగ్గర కూర్చుని విన్నదాన్ని, నాకు తెలిసిన రేడియో చరిత్ర పక్కన పెట్టి చూస్తే కథ ఇలా కనిపించింది.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం గాలి సర్కారుది. పాట పంపడానికే కాదు, వినడానికి కూడా లైసెన్సు కావాలి. ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టాల్సిందే. పైగా 1952లో కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక, సినిమా పాట జనం అభిరుచిని చెడగొడుతుందన్న నమ్మకంతో ఆకాశవాణిలో దానికి దాదాపు తలుపులు మూశారు. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పెట్టిన ట్రాన్స్‌మిటర్లు ఇప్పుడు మన పాటలు మోసుకొచ్చాయి. మీనాక్షి పొన్నుదురై తెలుగు అనౌన్స్‌మెంట్లు గుర్తున్న పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చివరికి 1957లో ఆకాశవాణే విధిభారతి, అదే, జనం నోట్లో అలా నలిగిన వివిధ భారతి, మొదలుపెట్టి సినిమా పాటని మళ్ళీ ఇంట్లోకి రానిచ్చింది.

అంటే కరోలిన్ కంటే పన్నెండేళ్ళ ముందే సముద్రం అవతలి నుంచి పాట తెచ్చుకున్నవాళ్ళం మనం. అయితే రేడియో కొనగలిగింది ఎంతమంది? మిగతావాళ్ళకి పాట చేరింది వేపచెట్టుకి కట్టిన రేకు హారన్‌లోంచి. దానికి రేడియో లైసెన్సు అక్కర్లేదు, స్టేషన్ డైరెక్టర్ లేడు. ఏ పాట వెయ్యాలో మైకు అబ్బాయి ఇష్టం.

బాబాయ్ పన్నెండేళ్ళప్పుడు ఒక మైకు షాపులో వైర్లు మోసే పనికి చేరాడు. కరెంటు నమ్మకం లేదు కాబట్టి రెండెడ్ల బండి మీద బ్యాటరీ కూడా ఎక్కించేవాళ్ళట. ప్లేటు తిప్పడం, ముల్లు మార్చడం, "హలో, మైక్ టెస్టింగ్" అనడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. 78 స్పీడు ప్లేటు ఒక్క వైపు మూడు నిమిషాల చిల్లర. అది అయిపోయేలోపు రెండోది చేతిలో ఉండాలి. మధ్యలో నిశ్శబ్దం వస్తే పందిట్లోవాళ్ళు అరిచేవాళ్ళు. పెళ్ళికి ఒక వరస, అప్పగింతలకి ఒక వరస. 1974 తర్వాత ఎవరైనా పోతే ఘంటసాల భగవద్గీత. అది వినపడగానే ఊరంతా "ఎవరు పోయారు?" అని బయటికొచ్చేది. 1977లో దానవీరశూరకర్ణ వచ్చాక డైలాగుల రికార్డు వెయ్యకపోతే డబ్బులిచ్చేవాళ్ళు కాదట. ఫాల్గుణ మాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరనాళ్ళలో, మునేరు ఒడ్డున, ప్రభల వెలుగులో తెల్లవార్లూ మైకులు పోటీపడేవి. నైట్ క్లబ్ అంటే ఏంటో బాబాయ్‌కి నేను వర్ణించి చెబితే, "తలుపులు మూసుకుంటారా? మరి బయటోళ్ళకి ఎట్టా వినపడుద్ది?" అన్నాడు.

నేను మురిసిపోయింది అక్కడిదాకానే. తర్వాత ఒక మామూలు ప్రశ్న అడిగాను: హారన్లు ఎక్కడ కట్టాలో ఎలా నిర్ణయించేవాడివి? ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, చెట్టు ఎత్తు, గాలి వాటం అంటాడనుకున్నా. హారన్ స్పీకర్ శబ్దాన్ని నలువైపులా చల్లదు, మూతి ఎటుంటే అటు తోస్తుంది. ఆ లెక్క ఆయనకి నాకంటే బాగా తెలుసు. కాసేపాగి, "నేను నిర్ణయించేదేముంది. ఊళ్ళో పెళ్ళయితే నాలుగు దిక్కులకీ. పల్లెలో పెళ్ళయితే చేలవైపు," అన్నాడు.

పల్లె అంటే మా వైపు మాలపల్లె, మాదిగపల్లె. అక్కడ పెళ్ళయితే హారన్ ఊరివైపు తిప్పొద్దని ముందే కబురొచ్చేది. ఎవరూ కాగితం మీద రాయలేదు. ఏ చట్టమూ లేదు. "తిప్పితే మర్నాటి నుంచి ఊళ్ళో ఎవరూ పిలవరు. అందుకని చేలవైపే కట్టా. చానా ఏళ్ళు కట్టా," అన్నాడు. సాహిత్యం చదివే ఎవరికైనా మా ఊరి పేరు ఎందుకు తెలుసో నాకూ తెలుసు. 1968లో దొంగతనం అంటగట్టి కోటేశు అనే దళిత యువకుణ్ణి ఇక్కడే తగలబెట్టి చంపారు. అప్పుడు బాబాయ్ పదమూడేళ్ళవాడు, వైర్లు మోస్తున్నాడు. ఆ ఏడాది గురించి ఆయన ఒక్క మాటే అన్నాడు: "కొన్ని రోజులు ఎవరూ మైకు పెట్టించలా."

ప్లేటు పోయి క్యాసెట్ వచ్చాక లెక్క మారింది. ప్లేటు కంపెనీవాడు నొక్కాలి. క్యాసెట్‌ని ఎవరైనా నింపొచ్చు. ఖాళీ క్యాసెట్, చీటీ మీద పాటల లిస్టు తీసుకుని జనం రికార్డింగ్ షాపులకి వచ్చేవాళ్ళు. 1985 జూలైలో కారంచేడు జరిగింది. ఆ తర్వాత దళిత మహాసభ సభలు, పాటలు. ఏ రేడియోలోనూ రాని ఆ పాటలు సభలో టేపు చేసినవి, దానికి కాపీ, కాపీకి మళ్ళీ కాపీ. గొంతు కంటే గరగర ఎక్కువ వినపడే స్థితిలో కూడా ఊరూరా తిరిగాయి. కంచికచర్లలోనే పుట్టిన కలేకూరి ప్రసాద్, కట్నం చావుల మీద రాసిన పాటతో సహా, ఆ కాలపు గొంతుల్లో ఒకడు. మన పైరేట్ రేడియో ఇదే అని నాకనిపిస్తుంది. దీనికి ట్రాన్స్‌మిటర్ లేదు. జేబులో క్యాసెట్, చెట్టు మీద హారన్ ఉన్నాయి.

ఆ రోజుల్లోనే పల్లె కుర్రాళ్ళు చందాలేసుకుని సొంత సెట్టు కొన్నారు. మొదటి పండగకే రెండు హారన్లు ఊరివైపు తిప్పారు. "నా గిరాకీ పోయింది. పోతే పోయిందిలే. నేను చెయ్యాల్సిన పని వాళ్ళు చేసుకున్నారు," అన్నాడు బాబాయ్.

చట్టం మాత్రం నెమ్మదిగా నడిచింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువాడే. అయినా 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్ళు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' నడిపితే, కొన్ని నెలలకే లైసెన్సు లేదని మూయించారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళల 'సంగం రేడియో' 2008లో అనుమతితో గాల్లోకి రాగలిగింది. అప్పటిదాకా వాళ్ళూ టేపులు రికార్డు చేసుకుని దాచుకున్నవాళ్ళే.

మైకు రాత్రులు ఈలోపు ముగిశాయి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు బంద్ అన్నాయి. నిద్రపట్టని రోగులకి, పరీక్షలు రాసే పిల్లలకి అది అవసరమే, కాదనను. ఆ తర్వాత లారీ మీద డీజే బాక్సులొచ్చాయి. బాబాయ్ హారన్లు పాతసామాన్లవాడికి తూకానికి వేశాడు.

ఆయన దగ్గర మిగిలింది ఒక పొడుగు నోటుబుక్కు. తేదీ, ఇల్లు, బయానా, హారన్లెన్ని, ఎటు కట్టాడు. తెల్లారి విప్పుకోవడానికి వీలుగా రాసుకున్న లెక్క అది. దాన్ని ఫొటోలు తీసి ఇప్పుడు స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తున్నా. ఊరి పాటల చరిత్ర రాయాలని కూర్చుంటే నేను పాటల పేర్లకి ఒక కాలమ్, సంవత్సరానికి ఒక కాలమ్ పెట్టుకునేవాణ్ణి. దిక్కుకి కాలమ్ పెట్టాలని నాకు తట్టేది కాదు. మా ఇల్లు ఊళ్ళో ఉంది. మాకు ఎప్పుడూ అన్ని పాటలూ వినపడ్డాయనే అనుకున్నాం.

నిన్న రాత్రి ఎక్కించిన పేజీలో ఒకే రకం మాటలు పదకొండు వరసల్లో ఉన్నాయి: "పల్లె. పెళ్ళి. 2 హారన్లు. చేలవైపు."